కార్డు ఎదుటివాళ్లకి చూపించొద్దు

పాఠకుల ప్రశ్నలు – టీచరమ్మ జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక మాట రాశాను: భాష నేర్చుకునేవాళ్ల చేత సంభాషణలు బట్టీ పట్టించడం కంటే, తలా ఒక పాత్ర ఇచ్చి సొంతంగా మాట్లాడించడం మేలని. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు వ్యాకరణం మీద ఎప్పుడూ రాలేదు. మెచ్చుకున్నవి పక్కన పెట్టి, తిట్టినవీ అడిగినవీ తీసుకున్నాను. ఈ నెలంతా రోల్ ప్లే గొడవే.

ప్రశ్న: మేడమ్, నేను తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. క్లాసులో 46 మంది. మీరు రాసింది చదివి, షాపువాడికీ కస్టమర్‌కీ మధ్య సంభాషణ బోర్డు మీద రాసి, ఇద్దరిద్దరిని ముందుకు పిలిచి చెప్పించాను. మొదటి జంట బాగానే చెప్పింది. మూడో జంట వచ్చేసరికి వెనక బెంచీలు కబుర్లలో పడ్డాయి. గంట కొట్టేసరికి ఆరు జంటలే అయ్యాయి. మిగతా 34 మంది నోరే విప్పలేదు. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: మాస్టారూ, మీరు చేయించింది రోల్ ప్లే కాదు. ఇద్దరు వంతులు వేసుకుని పాఠం అప్పజెప్పారు, అంతే. బోర్డు మీద ఉన్న మాటే వాళ్ల నోట్లోంచి వస్తుందని వినేవాళ్లకి ముందే తెలుసు. ఇంకెందుకు వింటారు? పైగా చెప్పేవాళ్లు కూడా ఒకరినొకరు వినడం లేదు. ఎదుటివాడి మాట ఎప్పుడైపోతుందా, తన లైను ఎప్పుడొస్తుందా అని కాచుక్కూర్చున్నారు.

మీ మీద విసురు కాదు ఇది. ఉద్యోగంలో చేరిన మొదటి అయిదారేళ్లు నేనూ అచ్చం ఇదే చేశాను. ఒకరోజు మాత్రం పొరపాటున మంచి పని జరిగింది. రెండు వేర్వేరు సంభాషణలకు కార్డులు రాసి పెట్టుకున్నాను. ఒకటి డాక్టరు–పేషెంటు, ఇంకొకటి పోయిన బ్యాగు కోసం స్టేషన్లో వాకబు చేసేది. హడావుడిలో కార్డులు కలిసిపోయాయి. ఒక జంటలో ఒకడికి డాక్టరు కార్డు, రెండోవాడికి బ్యాగు పోయినవాడి కార్డు వెళ్లాయి. నేను చూసుకోలేదు. డాక్టరు 'వేర్ ఈజ్ ద పెయిన్?' అన్నాడు. వాడు 'మై బ్యాగ్' అన్నాడు. డాక్టరు బిత్తరపోయి, 'పెయిన్ ఇన్ బ్యాగ్?' అన్నాడు. 'నో, నో, బ్యాగ్ నాట్ హియర్!' అని వాడు. అక్కడి నుంచి ఇద్దరూ చేతులు తిప్పుకుంటూ, మాటలు వెతుక్కుంటూ, ఒకే ప్రశ్నని మూడు రకాలుగా అడుక్కుంటూ నాలుగు నిమిషాలు నడిపారు. చివరికి డాక్టరుగారు బ్యాగు పోయిన దిగులుకి మందు రాసిచ్చారు! చుట్టుపక్కల బెంచీలవాళ్లు తమ ఆట ఆపేసి వీళ్లని విన్నారు.

ఆ ఇంగ్లిష్ నిండా తప్పులే. కానీ ఆ సంవత్సరం నా క్లాసులో పిల్లలు నిజంగా మాట్లాడుకోవడం నేను విన్నది అదే మొదటిసారి. ఎదుటివాడు ఏమంటాడో తెలియదు కాబట్టి విన్నారు. అర్థం కాలేదు కాబట్టి మళ్లీ అడిగారు. ఈ 'మళ్లీ అడగడం' చిన్న విషయం కాదు. 'ఏమన్నావ్? అంటే ఇదా?' అని ఇద్దరూ తేల్చుకునే చోటే కొత్త భాష వంటబడుతుందని మైకేల్ లాంగ్ అనే భాషావేత్త 1980ల నుంచి చెబుతూ వచ్చాడు. నాకు ఆయన పేరు తెలిసింది చాలా తర్వాత. కార్డులు కలిసిపోవడం ముందు జరిగింది.

కాబట్టి మీరు ఇవ్వాల్సింది డైలాగు కాదు, అవసరం. ఒకడి అవసరం రెండోవాడికి తెలియకూడదు. నేను చాలాసార్లు వాడిన జత ఒకటి చెబుతాను.

మొదటి కార్డు: 'నువ్వు అద్దెకుంటున్నావు. వంటింట్లో కుళాయి వారం నుంచి కారుతోంది. ఇంటి ఓనరుకి ఫోన్ చేసి, ఇవాళే మనిషిని పంపమని అడుగు. రేపు నువ్వు ఊళ్లో ఉండవు.'

రెండో కార్డు: 'నువ్వు ఇంటి ఓనరువి. ప్లంబర్ రేపు గానీ రాడు. ఈ నెల అద్దె ఇంకా అందలేదు. ఆ మాట ఎలాగోలా కదపాలి.'

చూశారా, ఇందులో ఒక్క డైలాగు కూడా లేదు. కానీ ఒకడికి ఇవాళ కావాలి, ఒకడికి రేపు గానీ కుదరదు, పైగా ఒకడు అద్దె సంగతి దాచుకుని కూర్చున్నాడు. ఇక మాట్లాడకుండా ఎలా ఉంటారు?

46 మందికి కార్డులు రాయక్కర్లేదు. మొదటి కార్డు బోర్డు మీద రాయండి. రెండోది చార్టు మీద రాసి వెనక గోడకి అంటించండి. ఒకటో వరుస, మూడో వరుస, అయిదో వరుస వెనక్కి తిరిగి కూర్చుంటే వాళ్లకి గోడ కనిపిస్తుంది, ఎదురుగా ఉన్నవాళ్లకి బోర్డు కనిపిస్తుంది. బెంచీలు జరపనక్కర్లేదు. మెడ తిప్పి దొంగచూపులు చూసేవాళ్లు ఎలాగూ ఉంటారు, చూడనివ్వండి.

అప్పుడు 23 జంటలూ ఒకేసారి మాట్లాడతాయి. స్టేజీ లేదు, చప్పట్లు లేవు. మొదలుపెట్టే ముందు మాత్రం మూడు నాలుగు నిమిషాలు ఓనర్లందరూ ఓనర్లతో, అద్దెవాళ్లందరూ అద్దెవాళ్లతో గుసగుసలాడుకోనివ్వండి. 'అద్దె మాట మర్యాదగా ఎలా ఎత్తాలి?' అన్నది వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారు. తర్వాత ఒక అయిదు నిమిషాలు ఆట. అయ్యాక ఎవరినీ ముందుకు పిలిచి మళ్లీ చేయించకండి. 'ప్లంబర్ ఎప్పుడొస్తున్నాడు? అద్దె సంగతి ఏమైంది?' అని అడగండి. ఒక జంటలో ప్లంబర్ రాత్రికే వస్తాడు, ఇంకో జంటలో అద్దెవాడు ఇల్లే ఖాళీ చేసేస్తాడు. జంటకో కథ కాబట్టి ఈసారి వెనక బెంచీలు కూడా వింటాయి.

ప్రశ్న: రోల్ ప్లేకి డ్రెస్సులు, మేకప్, సామాన్లు తెమ్మని పిల్లల్ని అడగవచ్చా?

జవాబు: వార్షికోత్సవానికి అడగండి. క్లాసుకి వద్దు. డాక్టరు కోటు కోసం పిల్లవాడు వారం రోజులు ఇంట్లో సతాయిస్తాడు, కోటు తొడుక్కున్నాక ఒక్క వాక్యం మాట్లాడతాడు. ఫోన్ సంభాషణలకి మాత్రం ఒక ఏర్పాటు ఉంది, ఖర్చు లేనిది. ఇద్దరినీ వీపులు ఆనించి కూర్చోబెట్టండి. ముఖం కనిపించకపోతే సైగలు పనికిరావు, మాటలతోనే గట్టెక్కాలి.

ప్రశ్న: నమస్తే అమ్మా. నా క్లాసులో రోల్ ప్లే అంటే పెద్ద గోల. పక్క క్లాసు సార్ రెండుసార్లు తలుపు కొట్టారు. దానికి తోడు, నేను ఆ మూలకి వెళ్లగానే ఈ మూల వాళ్లు తెలుగులోకి దిగిపోతారు. ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు, తెలుగులో పది. ఫైను వేద్దామా అనుకుంటున్నాను.

జవాబు: ఫైను వద్దు తల్లీ. ఫైను వేస్తే తెలుగు ఆగిపోతుంది, దాంతోపాటు ఇంగ్లిష్ కూడా ఆగిపోతుంది.

పిల్లలు తెలుగులోకి ఎక్కడ దిగారో చెవి పెట్టి వినండి. ఊరికే దిగరు. 'నాకు వేరే దారి లేదు', 'పోనీ ఇలా చేద్దాం', 'అది కాదు నా ఉద్దేశం' లాంటి చోట దిగుతారు. బేరానికీ వాదనకీ సర్దుబాటుకీ కావలసిన మాటలు వాళ్ల దగ్గర లేవు. మనం వాళ్లకి నామవాచకాలు నేర్పాం, ఇవి నేర్పలేదు. ఆ తెలుగు వాక్యాలు ఒక నాలుగు రాసుకుని, వాటికి ఇంగ్లిష్‌లో ఏమంటారో బోర్డు మీద పెట్టి, అదే ఆట ఇంకోసారి ఆడించండి. వాళ్లు ఎక్కడ జారారో అదే మీ రేపటి పాఠం. కార్డు చదివాక ఏం చేయాలో తమలో తాము తెలుగులో మాట్లాడుకుంటే మాత్రం అభ్యంతరం పెట్టకండి. ఆలోచన ఏ భాషలో కుదిరితే ఆ భాషలో చేసుకోనివ్వండి.

గోల సంగతికొస్తే, ఇరవై జంటలు మాట్లాడితే చప్పుడు కాక ఏమవుతుంది? పక్క క్లాసు సార్‌కి ముందే చెప్పి, ఆయన పరీక్ష పెట్టుకోని పీరియడ్ చూసుకోండి. ఆపమనడానికి ఒక గుర్తు పెట్టుకోండి. నేను చెయ్యి పైకెత్తి ఊరుకునేదాన్ని. చూసినవాళ్లు మాట ఆపి తామూ చెయ్యి ఎత్తాలి. అరిచి ఆపాలని చూస్తే గోలలో మన గొంతు కూడా ఒకటి కలుస్తుంది.

ప్రశ్న: మేడమ్, నేను నర్సుని. విదేశంలో ఉద్యోగం కోసం ఓఈటీ రాయబోతున్నాను. మాట్లాడే పరీక్షలో రోల్ ప్లేలుంటాయి. యూట్యూబ్‌లో దొరికిన నమూనా సంభాషణలు ఇరవై దాకా కంఠతా పట్టాను. కోచింగ్‌లో మాక్ టెస్టు పెడితే, పేషెంటుగా చేసినావిడ 'నాకు ఈ ఇంజెక్షన్ వద్దు' అంది. నేను పట్టిన దాంట్లో ఆ మాట లేదు. నోరు పెగల్లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు పరీక్ష ఎలా ఉంటుందో ఇంకోసారి నెమ్మదిగా చూద్దాం. ఓఈటీ ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్ల కోసం పెట్టిన ఇంగ్లిష్ పరీక్ష. మాట్లాడే భాగం మొత్తం ఇరవై నిమిషాల వ్యవహారం. మొదట మీ ఉద్యోగం గురించి రెండు మాటలు అడుగుతారు, దానికి మార్కులుండవు. తర్వాత రెండు రోల్ ప్లేలు, ఒక్కోటి అయిదు నిమిషాల చొప్పున. ప్రతిదానికీ ముందు కార్డు ఇచ్చి, చదువుకోవడానికి రెండు మూడు నిమిషాలిస్తారు. రోల్ ప్లే అయ్యేదాకా కార్డు మీ ముందే ఉంటుంది. మీరు ఎప్పుడూ నర్సే. ఎదుట కూర్చున్న మనిషి పేషెంటో, పేషెంటు తాలూకు మనిషో అవుతారు. ఆ మనిషి మీకు మార్కులు వేయరు. మీ మాటలు రికార్డవుతాయి, వేరేవాళ్లు విని వేస్తారు.

ఇక అసలు సంగతి. ఆ పేషెంటు చేతిలో కూడా ఒక కార్డు ఉంటుంది. అది మీకు చూపించరు. పైన మాస్టారికి రాసిన జవాబు మీరూ చదవండి. ఓనరు అద్దె సంగతి దాచుకున్నట్టే ఆ పేషెంటు కూడా ఏదో భయమో, అనుమానమో, మొండితనమో దాచుకుని వస్తుంది. దాన్ని మీరు బయటికి లాగుతారా లేదా అనేదే చూస్తారు. 2018 నుంచి భాషతో పాటు ఇదీ లెక్కలోకి వచ్చింది: పేషెంటు మనసులో ఏముందో అడిగి తెలుసుకున్నారా, ఆమె చెప్పింది విని దానికి తగ్గట్టు మాట్లాడారా, చెప్పే విషయాన్ని ఒక వరసలో చెప్పారా అని. మీ వైద్య పరిజ్ఞానానికి మార్కులు లేవు. కాబట్టి ఇరవై సంభాషణలు పట్టినా ఇరవై ఒకటోది వస్తుంది. 'ఐ అండర్‌స్టాండ్ హౌ యు ఫీల్' అని పేషెంటు ఇంకా ఏమీ చెప్పకముందే అనేసేవాళ్లని నేను చాలామందిని చూశాను. ఏం అర్థమైందమ్మా నీకు, ఆవిడ ఇంకా నోరే తెరవలేదుగా!

ఇలా చేయండి. మీతో పరీక్ష రాస్తున్న స్నేహితురాలు ఎవరైనా ఉంటే, ఆమెని పేషెంటు కార్డు రాసుకోమనండి, మీకు చూపించకుండా. అందులో ఒక్క రహస్యమైనా ఉండాలి. 'మూడు రోజుల క్రితమే మాత్రలు మానేసింది, అడిగితే తప్ప చెప్పదు' అనో, 'తెలిసినవాళ్లెవరికో ఇదే ఇంజెక్షన్ పడలేదు, అందుకే భయం' అనో. మొదటిసారి పూర్తిగా తెలుగులో చేయండి. నవ్వకండి, నిజంగానే అంటున్నాను. ఇంజెక్షన్ వద్దన్న పేషెంటుని మీరు వార్డులో వారానికి పదిమందిని చూస్తుంటారు. వాళ్లతో ఏమంటారు? 'ఎందుకమ్మా వద్దంటున్నారు? ఇంతకుముందు ఏమైనా ఇబ్బంది అయిందా?' అంటారు కదా. మీకు పని వచ్చు, మాట వరస వచ్చు. లేనిది ఇంగ్లిష్ ఒక్కటే. తెలుగులో అయ్యాక, వెంటనే అదే కార్డు ఇంగ్లిష్‌లో. ఫోన్లో రికార్డు చేసి వినండి, కానీ గ్రామరు కోసం కాదు. పేషెంటు ఏదో చెప్పినప్పుడు మీరు దాన్ని అందుకున్నారా, లేక మీ తర్వాతి వాక్యానికి వెళ్లిపోయారా అని వినండి. తర్వాత కార్డులు మార్చుకుని మీరు పేషెంటుగా చేయండి. మనం పేషెంటు కుర్చీలో కూర్చుంటే, అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగకపోవడం ఎంత చిరాకో తెలుస్తుంది.

నోరు పెగలని క్షణం కోసం ఒక్క వాక్యం మాత్రం కంఠతా పట్టండి, నాకు అభ్యంతరం లేదు: 'కెన్ యు టెల్ మి మోర్ అబౌట్ దట్?' ఇది పేషెంటుకీ మంచిదే, మీకూ నాలుగు సెకన్లు దొరుకుతాయి.

ప్రశ్న: పిల్లలు తప్పులు మాట్లాడుతుంటే వింటూ ఊరుకోమంటారా? ఆ తప్పులే స్థిరపడిపోవా? నేనైతే వెంటనే సరిదిద్దుతాను.

జవాబు: మీ బాధ తెలుసు. 'షి డోంట్ నో' అని వినిపిస్తే నాకూ చెవిలో చీమ దూరినట్టుండేది. కానీ ఒకసారి ఓనరు, అద్దెవాడు హోరాహోరీగా వాదించుకుంటుంటే మధ్యలో వెళ్లి 'డజంట్' అన్నాను. ఇద్దరూ నా వైపు తిరిగారు. ఓనరూ పోయాడు, అద్దెవాడూ పోయాడు, ఇద్దరు విద్యార్థులు మిగిలారు. కుళాయి సంగతి ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

తప్పుని మెత్తగా సరిచేసి తిరిగి అనడం మనందరికీ అలవాటు. పిల్లవాడు 'షి డోంట్ నో' అంటే మనం 'ఓ, షి డజంట్ నో' అంటాం. రాయ్ లిస్టర్, లైలా రాంటా అనే ఇద్దరు కెనడాలో ఫ్రెంచి నేర్చుకునే పిల్లల క్లాసులు గమనించి 1997లో ఒక పరిశోధన ప్రచురించారు. టీచర్ల దిద్దుబాట్లలో సగానికి పైగా ఈ రకమేనని, కానీ పిల్లలు దాన్ని పట్టించుకుని స్పందించింది మూడో వంతు కంటే తక్కువ సార్లేనని అందులో తేలింది. మనం దిద్దాం అనుకుంటాం, వాళ్లు మనం 'ఊఁ' కొట్టాం అనుకుంటారు.

నేను చేసింది ఇది. ఆట నడుస్తున్నంతసేపూ నోట్‌బుక్కు పట్టుకుని బెంచీల మధ్య తిరిగేదాన్ని, ఎవరి దగ్గరా ఆగకుండా. పేజీకి మధ్యలో గీత. ఎడమ పక్క తప్పులు, కుడి పక్క 'భలే అన్నాడే' అనిపించినవి. ఆట అయ్యాక ఎడమవి మూడు, కుడివి రెండు బోర్డు మీద, పేర్లు లేకుండా. ఏవి బాగున్నాయో, ఏవి బాగు చేయాలో వాళ్లనే తేల్చమనేదాన్ని. కొన్నిసార్లు మంచి వాక్యాన్ని కూడా కొట్టేసేవాళ్లు, దానిమీద మంచి తగాదా జరిగేది. ఇక్కడితో ఆపితే సగం పనే. జంటలు మార్చి అదే కార్డులతో వెంటనే మళ్లీ ఆడించాలి. చేసిన పనినే మళ్లీ చేస్తే రెండోసారి మాట సాఫీగా, వాక్యం కాస్త పెద్దదిగా వస్తుందని మార్టిన్ బైగేట్ లాంటివాళ్లు చూపించారు. కారణం ఊహించగలిగిందే: మొదటిసారి తలంతా 'ఏం చెప్పాలి' అన్న దాంట్లో మునిగి ఉంటుంది, రెండోసారి 'ఎలా చెప్పాలి' అన్న దానికి చోటు దొరుకుతుంది. పిల్లలు 'మళ్లీ అదేనా టీచర్' అని మూలుగుతారు. జత మారింది కాబట్టి అదే కథ కాదు, మూలుగు ఒక నిమిషంలో ఆగిపోతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం మధ్యలో దూరండి. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి ఏమీ అర్థంకాక, ఆట నిలిచిపోయినప్పుడు.

ప్రశ్న: మా క్లాసులో ఒక అమ్మాయి ఎంత బతిమాలినా రోల్ ప్లేలో నోరు విప్పదు. రాతలో తనే ఫస్టు. బలవంతంగానైనా సిగ్గు పోగొట్టాలి కదా?

జవాబు: వద్దండీ. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది, అయినా చెబుతాను. అలాంటి ఒక అమ్మాయిని నేను చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చాను, 'ఒక్కసారి మాట్లాడితే భయం పోతుంది' అని. మాట్లాడలేదు. క్లాసంతా చూస్తుండగా నిలబడి, నిలబడి, ఏడ్చింది. ఆ తర్వాత ఏడాదంతా నా పీరియడ్‌లో తలెత్తి చూడలేదు. భయం పోగొట్టడం అటుంచి, దానికి ఒక కారణం కూడా ఇచ్చాను.

పరాయి భాష మాట్లాడటమంటే కొంతసేపు ఇంకో మనిషిగా ఉండటం. కొందరికి అది సరదా, కొందరికి బట్టలు లేకుండా నిలబడ్డట్టు. అలెగ్జాండర్ గియోరా అనే మనస్తత్వవేత్త 1972లో ఒక చిత్రమైన ప్రయోగం అచ్చు వేశాడు. మనుషులకి కొద్దిగా మద్యం పట్టించి, వాళ్లకి రాని థాయ్ మాటలు పలికించాడు. తక్కువ మోతాదులో పుచ్చుకున్నవాళ్ల ఉచ్చారణ మెరుగైంది! (క్లాసులో ప్రయత్నించకండి.) బిగువు సడలితే నాలుక తిరుగుతుందని ఆయన చూపించదలుచుకున్నది. బల్గేరియాలో లొజానోవ్ అనే వైద్యుడు మందు లేకుండానే ఆ పని చేయబోయాడు. తన పద్ధతిలో భాష నేర్చుకునేవాళ్లకి కొత్త పేరు, కొత్త వృత్తి ఇచ్చేవాడు. తప్పు మాట్లాడితే తప్పు ఆ కొత్త మనిషిది, వీళ్లది కాదు. ఆయన చెప్పిన మిగతా గొప్పలన్నీ నేను నమ్మను గానీ, ఈ ఒక్కటి పనిచేస్తుంది. పాత్ర ఒక ముసుగు. కాకపోతే ముసుగు తొడుక్కోవడానికి చాటు ఉండాలి. క్లాసు ముందు నిలబెట్టి తొడుక్కోమంటే ఎలా?

ఆ అమ్మాయికి మొదట మూడో మనిషి పని ఇవ్వండి. ఒక జంట పక్కన కూర్చుని, ఎవరు ఏం అడిగారో, చివరికి ఏం తేలిందో రాసుకోవాలి. రాత తనకి బలం కదా. తర్వాత కార్డులు రాయమనండి. తను రాసిన కార్డుతో మిగతావాళ్లు ఆడుతుంటే చూడనివ్వండి. ఆ తర్వాత వీపులు ఆనించే ఫోన్ ఆట, తనకి నచ్చిన స్నేహితురాలితో, మాటలు తక్కువున్న పాత్రలో. నెల పట్టవచ్చు, సంవత్సరం పట్టవచ్చు. ఆ ఏడాది అసలు మాట్లాడకపోయినా ఫరవాలేదు.

ప్రశ్న: మేం పరాయి భాష మాట్లాడే చోట ఉంటున్నాం. మా పిల్లలకి ఎనిమిదేళ్లు, పదకొండేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో ఇస్తారు. ఎప్పుడైనా తెలుగు మాట్లాడితే పెద్దవాళ్లని కూడా 'నువ్వు' అంటారు. తప్పని చెబితే విసుక్కుంటారు. ఇంట్లో రోల్ ప్లే పనికొస్తుందా?

జవాబు: ఈ ప్రశ్న మీద నాకు చెప్పాలని ఉన్నది చాలా ఉంది, ఎడిటరుగారు స్థలం లేదంటారు.

పిల్లలు మర్యాద తెలియక అనడం లేదు. ఇంగ్లిష్‌లో 'యు' ఒక్కటే. 'నువ్వు', 'మీరు' అని రెండుండటం, దాన్ని బట్టి క్రియ కూడా మారడం వాళ్ల చెవికి ఎక్కలేదు, ఎందుకంటే వాళ్లు వినే తెలుగు మీ ఇద్దరి నోటిదే. మీరు పిల్లల్ని 'నువ్వు' అంటారు, అదే వాళ్లు తిరిగి మీకిస్తున్నారు. వాక్యం తప్పు లేకుండా కట్టడం వేరు, ఎవరితో ఎప్పుడు ఎలా అనాలో తెలియడం వేరు. ఈ రెండోదాన్ని డెల్ హైమ్స్ అనే పండితుడు ముందుకు తెచ్చాడు. 1972లో అచ్చయిన ఆయన వ్యాసం తర్వాతే భాషా బోధన తీరు మారింది, రోల్ ప్లేకి క్లాసులో గౌరవం దక్కింది. ఎవరితో మాట్లాడుతున్నామన్నది మారకపోతే ఈ రెండోది వంటబట్టదు కదా. ఇంట్లో మనుషులు మారరు, కాబట్టి పాత్రలు మార్చాలి.

పాత్రలు తలకిందులు చేయండి. పెద్దబాబు లైబ్రరీలో అధికారి. మీరు పుస్తకం నెల ఆలస్యంగా తెచ్చిన కుర్రాడు. మీరు వాడిని 'మీరు', 'అండీ' అంటూ బతిమాలాలి: 'ఈ ఒక్కసారి వదిలేయండి సార్.' వాడు మిమ్మల్ని 'నువ్వు' అని దబాయించవచ్చు. తన మీద ప్రయోగించినప్పుడు 'మీరు' ఎంత బాగుంటుందో వాడికి తెలుస్తుంది. రెండో రోజు పాత్రలు మార్చుకోండి. వాడు 'నువ్వు' అంటే దిద్దకండి. అధికారిగా నొచ్చుకుని, 'పుస్తకం అక్కడ పెట్టి వెళ్లు' అని ముక్తసరిగా అనండి. 'ఇలా ఇవ్వు', 'ఇవ్వండి', 'కొంచెం ఇస్తారా' అన్న మూడు మాటల్లో ఏది అంటే అధికారి మొహం విప్పారుతుందో వాడే వెతుక్కుంటాడు.

ఇంకో ఆట, ఇది నాకు బాగా ఇష్టమైనది. తెలుగులో 'మనం' వేరు, 'మేం' వేరు. ఇంగ్లిష్‌కి ఆ తేడా లేదు, ఒక్క 'వి'తో సరిపెట్టుకుంటుంది. అందుకే ఇది మీ పిల్లలకి ఎన్నిసార్లు చెప్పినా జారిపోతుంది. పిల్లలిద్దరికీ, మీ ఆవిడకీ కార్డు: 'మీరు ముగ్గురూ సినిమాకి బయల్దేరుతున్నారు. టికెట్లు మూడే ఉన్నాయి. అప్పుడే ఒక మనిషి వచ్చి ఎక్కడికని అడుగుతాడు. అతన్ని నొప్పించకుండా సంగతి చెప్పాలి.' ఆ వచ్చే మనిషి మీరు. 'మనం సినిమాకి వెళ్తున్నాం' అని ఎవరి నోటి నుంచి వచ్చినా, మారు మాట్లాడకుండా చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడండి. 'యు ఆర్ నాట్ కమింగ్!' అంటారు. 'మనం అన్నారుగా' అనండి, కదలకండి.